టర్పెంటైన్ వదిలేయండి, బ్రష్షులు తెచ్చుకోండి

ఏటా డిసెంబర్‌లో విశాఖ వస్తాను. ఎంవీపీ కాలనీలో మా అన్నయ్య వాళ్ళ ఫ్లాటు. నేను దిగిన రెండోరోజు నుంచే వదిన దగ్గరకి కబుర్లు మొదలవుతాయి, "మా అమ్మాయి ఫిబ్రవరిలో అమెరికా వెళ్తోంది, మీ ఆడపడుచుతో ఒకసారి మాట్లాడించండి" అని. కుక్కర్ పట్టుకెళ్ళాలా, పచ్చళ్ళు ఎన్ని కేజీలు, చలికోటు ఇక్కడ కొనాలా అక్కడ కొనాలా. వీటికి నా అవసరం కూడా లేదు. ఇన్నేళ్ళు పక్కన కూర్చుని విన్న వదినే గడగడా చెప్పేస్తుంది. (కోటు అక్కడే కొనండి. జగదాంబ సెంటర్లో కొన్న స్వెట్టరు షికాగో గాలికి దోమతెరతో సమానం.)

ఈసారి కింద ఫ్లాటు వాళ్ళ మేనకోడలు వచ్చింది. ఆంధ్రా యూనివర్సిటీలో ఫైన్ ఆర్ట్స్ చదివింది. మొన్న నవంబర్లో పెళ్ళయింది, అబ్బాయికి షికాగో దగ్గర ఉద్యోగం. పచ్చళ్ళ ఊసెత్తలేదు. కాఫీ కప్పు చేతిలో పట్టుకుని తాగకుండా కూర్చుని, "ఆంటీ, అక్కడికెళ్ళాక బొమ్మలు వేస్తూ ఉండగలనా?" అంది.

ఇరవయ్యారేళ్ళలో ఈ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. 1999 జనవరిలో నేను వెళ్ళేటప్పుడు నేనూ ఎవరినీ అడగలేదు. ఆ పిల్లకి రెండు సాయంత్రాలు కూర్చుని చెప్పిన సంగతులే ఇవి. బొమ్మలు వేసేవాళ్ళకే కాదు, వీణో కెమెరానో వెంట పట్టుకెళ్ళేవాళ్ళకి కూడా కొన్ని పనికొస్తాయి.

ముందు సామాను. ఆయిల్ రంగుల ట్యూబులు చెక్ఇన్ సూట్‌కేసులో పెట్టుకోవచ్చు. వాటిలో ఉండేది అవిసె నూనె లాంటి గింజల నూనె, అంత తేలిగ్గా అంటుకోదు. రంగు పల్చన చేసే టర్పెంటైన్, వార్నిష్, గీతలు చెరగకుండా కొట్టే ఫిక్సేటివ్ స్ప్రే మాత్రం చెక్ఇన్‌లోనూ వద్దు, చేతిసంచిలోనూ వద్దు. అవి మండే సరుకు. ట్యూబులన్నీ ఒకే ప్లాస్టిక్ సంచిలో వేసి, ఆ కంపెనీ సైట్లో దొరికే సేఫ్టీ షీట్ ప్రింటు తీసి అందులోనే పెట్టండి. 'పెయింట్' అన్న మాట చూసి కంగారుపడే ఉద్యోగి ఎక్కడో ఒకచోట ఉంటాడు. బ్రష్షులు మాత్రం ఉన్నవన్నీ తెచ్చుకోండి. చేతికి అలవాటైన బ్రష్షు డబ్బుపెట్టినా దొరకదు.

కాన్వాసులు ఫ్రేము నుంచి విప్పి చుట్టుకోవాలి. అందరూ బొమ్మ పాడవకూడదని రంగు లోపలికి వచ్చేలా చుడతారు, అది తప్పు. రంగు బయటికి ఉండేలా చుట్టాలి. లోపలికి చుడితే రంగుపొర నలిగి ముడతలు పడుతుంది. ప్లంబింగ్ షాపులో లావుపాటి పీవీసీ గొట్టం ఒకటి కోయించుకుంటే చాలు. అక్కడ కాగితం కొనేటప్పుడు బరువు పౌండ్లలో రాసుంటుంది. మన 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి గ్రాములు) వాళ్ళ 140 పౌండ్లు. ఇంకొంచెం చోటుంటే ఏటికొప్పాక లక్కబొమ్మలు నాలుగు పెట్టుకోండి. అంకుడు కర్ర కదా, బరువుండవు, పగలవు. బయటికి అడుగు పెట్టలేని జనవరిలో ఎదురుగా పెట్టుకుని వేసుకోవడానికి వాటిని మించినవి లేవు.

ఇక అసలు టెన్షన్ పెట్టే విషయం, వీసా. డిపెండెంట్‌గా, అంటే హెచ్4 మీద వెళ్ళేవాళ్ళు ఉద్యోగం చేయకూడదని అందరికీ తెలుసు. బొమ్మ అమ్మినా అది పనికిందికే వస్తుందని చాలామందికి తెలియదు. నాకూ తెలియదు. వెళ్ళిన రెండో ఏడు మా అపార్ట్‌మెంట్లో ఒకావిడ నా వాటర్ కలర్ చూసి ముచ్చటపడి 60 డాలర్లు చేతిలో పెట్టింది. మా ఆయన ఆఫీసులో లాయరుని అడిగితే తిరిగి ఇచ్చేయమన్నాడు. ఇచ్చేశాను, బొమ్మ మాత్రం ఆవిడకే ఇచ్చాను. ఉత్తినే ఇవ్వడానికి అడ్డు లేదు. ఇంట్లో వేసుకోవచ్చు, నేర్చుకోవచ్చు, హెచ్4 మీద కాలేజీలో డిగ్రీ కూడా చదవొచ్చు. డబ్బు తీసుకుంటేనే తంటా. ఇండియా అకౌంట్లో వేయించుకుంటే పట్టింపు ఉండదని ఎవరైనా చెబితే నమ్మకండి. మీరు ఏ నేల మీద కూర్చుని ఆ పని చేశారన్నది ముఖ్యం.

2015 మే నుంచి హెచ్4 వాళ్ళలో కొందరికి పని అనుమతి కార్డు ఇస్తున్నారు. మొగుడికో పెళ్ళానికో, ఎవరికి హెచ్1, అంటే ఉద్యోగ వీసా, ఉంటే వాళ్ళ గ్రీన్‌కార్డు దారిలో ఐ-140 అనే అర్జీకి ఆమోదం అయి ఉండాలి, లేదా ఆరేళ్ళు దాటి హెచ్1 పొడిగించి ఉండాలి. ఆ కార్డు చేతికొస్తే అమ్ముకోవచ్చు, క్లాసులు చెప్పుకోవచ్చు, పన్ను కట్టాలి. అంతే.

హెచ్1 మీదున్న కుర్రాళ్ళకి ఒక మాట. మంచి కెమెరా కొంటారు, మొదటి ఏడు స్నేహితుల ఇంట్లో బారసాలకి ఫోటోలు తీస్తారు, రెండో ఏడుకి పెళ్ళిళ్ళకి రేటు చెప్పడం మొదలవుతుంది. మీ వీసా మీ కంపెనీ పనికి మాత్రమే. చదువుకునే పిల్లలు గోరింటాకు పెట్టి డబ్బు తీసుకున్నా అదే సంగతి. సరదాని సరదాగా ఉంచుకోండి, అమ్మాలనిపిస్తే ముందు ఇమిగ్రేషన్ లాయర్ని అడగండి. వాట్సాప్ గ్రూపుని కాదు.

"అయితే అన్నేళ్ళు అమ్మకుండా ఎలా ఉన్నారాంటీ?" అందా పిల్ల. నిజం చెప్పాలంటే మొదట్లో అవమానంగానే ఉండేది. తర్వాత తెలిసింది, అమ్మక్కర్లేనప్పుడు చెడ్డబొమ్మ వేసే స్వేచ్ఛ ఉంటుందని. ఆ ఏళ్ళలో నేను వేసినన్ని చెడ్డబొమ్మలు ఎవరూ వేసి ఉండరు.

ఇంటి విషయం. సోఫా కొనేలోపు కిటికీ పక్కన ఒక బల్ల వేసుకోండి. సోఫా ముందొస్తే ఆ చోటు ఇక దొరకదు. అద్దె ఇళ్ళలో గోడ నుంచి గోడకి కార్పెట్ ఉంటుంది. నా మొదటి అపార్ట్‌మెంట్లో బర్న్ట్ సియన్నా ట్యూబు కాలికింద పడి నలిగింది, ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్ మొత్తం దానికే పోయింది. పాత షవర్ కర్టెన్ పరుచుకోండి. చలికాలం కిటికీలు తెరవలేరు కాబట్టి టర్పెంటైన్ పొగలు ఇంట్లోనే తిరుగుతాయి. మొదటి చలికాలం వాటర్ కలర్, అక్రిలిక్ చాలు. అక్రిలిక్ ట్యూబులు కారులో మరిచిపోకండి, గడ్డకడితే పాడవుతాయి. ఆయిల్ వేస్తే మాత్రం నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి చెత్తబుట్టలో పడేయొద్దు. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఆ ముద్ద తనంతట తానే అంటుకుంటుంది. అక్కడి ఇళ్ళు చెక్క ఇళ్ళు. నీళ్ళు పోసిన రేకుడబ్బాలో వేసి మూతపెట్టండి.

ఇంకో విచిత్రం, దీనికి నేను దాదాపు ఏడ్చాను. విశాఖలో సముద్రపు తేమకి వాటర్ కలర్ ఆరడానికి టైం పడుతుంది. ఈలోపు ఆకాశంలో రంగు అటూ ఇటూ నడిపించుకోవచ్చు. నా చేతికి ఆ తాళమే అలవాటు. షికాగో చలికాలంలో హీటరు ఇంట్లో గాలిని అప్పడంలా ఎండగడుతుంది. బ్రష్షు ఎత్తేలోపే రంగు ఆరిపోయి అంచులు గీతల్లా మిగిలిపోయేవి. దేశం మారితే చెయ్యి కూడా పోయిందనుకుని మూడు నెలలు మానేశాను. చివరికి తేలిందేమిటంటే కాగితాన్ని రెండు వైపులా బాగా తడిపి పలకకి అంటించి, గదిలో గాలికి తేమ పట్టించే హ్యూమిడిఫయర్ పెట్టుకుంటే చాలు. ఇది ఎవరైనా ముందే చెప్పి ఉంటే ఆ మూడు నెలలు నాకు మిగిలేవి.

నేర్చుకోవడానికీ మనుషుల్లో పడడానికీ లోటు లేదు. ఊరి పార్కులు చూసుకునే పార్క్ డిస్ట్రిక్ట్ వాళ్ళ క్లాసులు, కమ్యూనిటీ కాలేజీలో మార్కులు లేని కోర్సులు, లైబ్రరీ. ఫిగర్ డ్రాయింగ్ అని బోర్డు ఉంటే మోడల్ ఒంటిమీద గుడ్డలు లేకుండా కూర్చుంటారని ముందే తెలుసుకుని వెళ్ళండి. నేను తెలియక వెళ్ళి గంటసేపు మోచేతులు మాత్రమే గీశాను. షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌కి మనవాళ్ళు 1893లో వివేకానందుడు మాట్లాడిన చోటని వెళ్ళి ఫోటో తీసుకుని వచ్చేస్తారు. మేడమీద ఫ్రెంచ్ చిత్రకారుడు సరా వేసిన 'లా గ్రాండ్ జాట్' ఉంది, నిలువెత్తు కంటే పెద్దది, అంతా చుక్కలే. స్కెచ్‌బుక్ తీసుకెళ్ళి ఎదురుగా కూర్చోవచ్చు, పెన్సిల్ మాత్రమే వాడాలి. ఇల్లినాయ్ వాసులకి టికెట్ లేని రోజులు ఉంటాయి, వెళ్ళేముందు చూసుకోండి. గుడివాడలో పుట్టి, లండన్ స్లేడ్ స్కూల్లో చదివి, షికాగోలో బొమ్మలు వేసి 2001లో పద్మశ్రీ అందుకున్న ఎస్.వి. రామారావుగారి సంగతి కూడా నాకు అక్కడికి వెళ్ళాకే తెలిసింది. మనవాళ్ళు ఆ ఊళ్ళో కోడింగ్ మాత్రమే చేయలేదు.

మనవాళ్ళంటే గుర్తొచ్చింది. మీరు బొమ్మలు వేస్తారని తెలిసిన మర్నాడే ఫోను వస్తుంది. ఉగాదికి స్టేజీ వెనక తిరుమల గోపురం వేసిపెట్టండి, పన్నెండు అడుగులు, శనివారానికి కావాలి. నేను తొమ్మిదేళ్ళు వరసగా వేశాను. ఒక ఏడు రంగుల ఖర్చు అడిగితే "మన ప్రోగ్రామే కదా అక్కా" అన్నారు. మొదటిసారి సంతోషంగా వేయండి, దాంతోనే నాలుగు ఇళ్ళు పరిచయమవుతాయి. రెండోసారి నుంచి రంగులూ గుడ్డా వాళ్ళనే కొని తెమ్మనండి. అందులో మొహమాటం ఏమీ లేదు.

ఇప్పుడు ఆ పిల్లకి చెప్పాలా వద్దా అని తటపటాయించిన విషయం. పదిహేనేళ్ళు నేను అక్కడ కూర్చుని వేసినవన్నీ విశాఖ బొమ్మలే. పోర్టు దగ్గర మూడు కొండలు, ఒకదానిమీద చర్చి, ఒకదానిమీద దర్గా, ఒకదానిమీద వెంకన్న గుడి. డాల్ఫిన్ నోస్. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు. అన్నీ జ్ఞాపకం నుంచి, లేకపోతే పాత ఫోటోల నుంచి. చూసినవాళ్ళు "అబ్బ, ఊరు గుర్తొచ్చింది" అనేవాళ్ళు, నేను పొంగిపోయేదాన్ని. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చింది. ఆ డిసెంబర్‌లో దిగితే కైలాసగిరి బోసిపోయి ఉంది. యూనివర్సిటీలో చెట్లు వేళ్ళతో సహా పడిపోయి ఉన్నాయి. సూట్‌కేసులో అన్నయ్య కోసం తెచ్చిన బొమ్మ ఉంది, కైలాసగిరి నిండా పచ్చదనం. బయటికి తీయలేకపోయాను. తుఫాను మాట అటుంచితే, అంతకుముందే ఆ కొండ అలా లేదని అన్నయ్య అన్నాడు. నేను పదిహేనేళ్ళుగా 1998 నాటి ఊరిని మళ్ళీ మళ్ళీ కాపీ కొడుతున్నాను. చిన్నప్పుడు వడ్డాది పాపయ్యగారి ముఖచిత్రాలు కాపీ చేసినట్టే, కాకపోతే ఈసారి నన్ను నేనే.

తిరిగి వెళ్ళాక ఒకరోజు నిద్రపట్టక తెల్లవారకముందే మిషిగన్ సరస్సు ఒడ్డుకి కారు వేసుకుని వెళ్ళాను. అవతలి ఒడ్డు కనిపించదు, అలలుంటాయి, ఉప్పు వాసన ఉండదు. అందుకే అది నాకెప్పుడూ దొంగ సముద్రంలా అనిపించేది. పొద్దు నీళ్ళలోంచి పొడిచింది. అప్పుడు వెలిగింది బుర్రలో. ఈ ఊరికీ నీళ్ళు తూర్పునే ఉన్నాయి, మా ఊరికిలాగే. పదిహేనేళ్ళుగా ఒక్కసారి కూడా చూడలేదు. ఆ రోజు నుంచి ఉన్నచోటు వేయడం మొదలుపెట్టాను. మొదట్లో మంచు నీడలకి నల్లరంగు కలిపి బూడిదకుప్పల్లా చేశాను. మంచుకి తెల్లరంగు అక్కర్లేదని, కాగితాన్ని వదిలేయాలని తెలియడానికి రెండు చలికాలాలు పట్టింది. ఆ తర్వాత విశాఖ వచ్చినప్పుడు ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళి కూర్చుంటే, పడవలు కొత్తగా కనిపించాయి.

ఊరి బొమ్మలు వేయొద్దని కాదు. వచ్చినప్పుడు, ఎదురుగా పెట్టుకుని వేయండి.

రెండో సాయంత్రం ఆ పిల్ల వెళ్ళబోతూ ఫోను తీసి చూపించింది. అబ్బాయి కొత్త ఫ్లాటు తీసుకున్నాడు, కిటికీలోంచి ఫోటో పంపాడు. మంచు కప్పిన పార్కింగ్ లాటు, రెండు కార్లు, ఒక పెద్ద చెత్తడబ్బా. "ఇందులో వేయడానికి ఏముందాంటీ?" అంది నవ్వుతూ, నవ్వు సగంలో ఆగిపోయింది.

ఫోను తీసుకుని చెత్తడబ్బా దగ్గర పెద్దది చేశాను. మధ్యాహ్నం తీసిన ఫోటో అనుకుంటా. అక్కడ డిసెంబర్‌లో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు పైకి రాడు, నీడలు బారుగా పడతాయి. "ఈ నీడ ఏ రంగు?" అన్నాను.

"నలుపే కదా" అంది. మళ్ళీ చూసింది. కళ్ళజోడు సర్దుకుని ఇంకోసారి చూసింది. "నీలంగా ఉందాంటీ."

"అయితే అల్ట్రామెరీన్ ట్యూబు ఇంకొకటి పెట్టుకో" అన్నాను.