ఆరు సెంట్లు ఎటు పోయాయి?

ప్రశ్న: నాన్నగారి నుంచి నాకొచ్చిన చేనుకు నాలుగు గట్ల వెంటా టేపు పట్టాం. ఎదురెదురు గట్లు ఒక జత 220 అడుగుల చొప్పున, ఇంకో జత 198 అడుగుల చొప్పున. గుణిస్తే సరిగ్గా 43,560 చదరపు అడుగులు, అంటే ఎకరం. సర్వేలో మాత్రం 94 సెంట్లే రాశారు. పక్క చేను ఆయన మీద అనుమానంగా ఉంది. మిగతా ఆరు సెంట్లు ఏమైనట్టు?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, ఆయనతో మాట పెంచుకునే ముందు ఇంకొక్క కొలత తీయండి. ఈ మూల నుంచి ఎదురు మూలకు, చేను మధ్యగా. దాన్నే కర్ణం అంటారు.

కాళ్ల దగ్గర వదులైన నులక మంచం చూసే ఉంటారు. ఒక మూలకు లాగినట్టు వంకరపోతుంది. పట్టెల పొడవు మారదు, మధ్యలో చోటు తగ్గుతుంది. ముప్పై ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పాను. మూడు భుజాల పొడవులతోనే త్రిభుజ వైశాల్యం కట్టే హెరాన్ సూత్రం చెప్పే రోజు నాలుగు చీపురుపుల్లలు దారంతో కట్టి తీసుకెళ్లేవాణ్ణి. చతురస్రంగా పట్టుకుని మెల్లగా నొక్కుతూ పోతే చివరికి పుల్లలన్నీ ఒకదానికొకటి ఆనుకునేవి. చుట్టుకొలత అంతే, వైశాల్యం సున్నా! అదే మూడు పుల్లలు కడితే ఎంత నొక్కినా ఆకారం మారదు. అందుకే చేనును త్రిభుజాలుగా విడగొట్టి కొలవాలి.

మీరు చేసినట్టు ఎదురు భుజాల సగటులు గుణించే పద్ధతి పాతదే. క్రీ.శ. 628లో గణితవేత్త బ్రహ్మగుప్తుడు చెప్పాడు, కానీ దాన్ని స్థూలఫలం, అంటే ఉజ్జాయింపు లెక్క అన్నాడు. 1150లో భాస్కరాచార్యుడు తన లెక్కల గ్రంథం లీలావతిలో ఇంకా గట్టిగా అన్నాడు: కర్ణమో లంబమో (నిట్టనిలువు ఎత్తు) చెప్పకుండా చతుర్భుజ వైశాల్యం అడిగేవాడు పిశాచం, జవాబు చెప్పేవాడు అంతకు మించిన పిశాచం. మిమ్మల్ని తప్పుపట్టడానికి కాదమ్మా. ఈ గుణకారంతోనే పంపకాలు చేసి, అన్నదమ్ములు మాట్లాడుకోకుండా పోయిన ఇళ్లు చూశాను. అది ఎక్కువ చూపిస్తుందే తప్ప తక్కువ చూపించదు.

మూలలు లంబకోణాలుగా ఉంటే మీ చేనుకు రెండు కర్ణాలూ 296 అడుగులు రావాలి. ఒకటి 240, రెండోది 343 దగ్గర వస్తే చేను ఒరిగి ఉన్నట్టు. 220, 198, 240తో హెరాన్ లెక్క వేస్తే ఒక త్రిభుజం సుమారు 20,450 చదరపు అడుగులు. రెండూ కలిపితే 40,900. సెంటుకు 435.6 చొప్పున అది మీ 94 సెంట్లే.

కోతలయ్యాక, టేపు వేలాడకుండా బిగించి కొలవండి. పొట్టి కర్ణం 270 వస్తే మాత్రం చేను 98న్నర సెంట్లు ఉండాలి. అప్పుడు ఈ అంకెలన్నీ రాసి, మళ్లీ కొలవమని అర్జీ పెట్టండి.