కలంకారీతో షికాగోలో అద్దె కట్టాలంటే

ప్రశ్న: హైదరాబాద్‌లో బీఎఫ్‌ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) చేశాను. శ్రీకాళహస్తి కలంకారీ వేసి, ఆ బొమ్మల్ని యానిమేషన్‌గా మారుస్తుంటాను. షికాగోలో ఎంఎఫ్‌ఏ (ఫైన్ ఆర్ట్స్ పీజీ) సీటొచ్చింది. వీసా, సాఫ్ట్‌వేర్, గ్యాలరీల గురించి చెప్తారా?

జవాబు: చూడమ్మా, వీసా సంగతి మీ కాలేజీ ఇంటర్నేషనల్ ఆఫీసులో అడుగు. స్టూడెంట్ వీసా మీద బొమ్మలు అమ్మొచ్చో లేదో కూడా వాళ్లే చెప్పాలి. సాఫ్ట్‌వేర్ నాకంటే నీకే బాగా తెలుస్తుంది. నువ్వు అడగాల్సింది డబ్బు గురించి, అదే అడగలేదు.

నేనిక్కడికి వచ్చిన కొత్తలో బెల్లం, ఇనుప ముక్కలు బకెట్లో నానబెట్టి కసిం, అదే గీతలు గీసే నల్లరంగు, చేశాను. మూడు వారాలు ఇల్లంతా పులిసిన కంపు. గేదెపాలు దొరక్క, గుడ్డ నానబెట్టే కరక్కాయ నీళ్లలో వెన్న తీసిన పాలు కలిపాను. పాలల్లో కొవ్వుంటేనే కదా గీత పాకకుండా నిలిచేది! రాముడి విల్లు కాస్తా మబ్బుతునకైంది. ఉతకడానికి శ్రీకాళహస్తిలోలా ఇక్కడ స్వర్ణముఖి నది ఏది? బాత్‌టబ్‌లో ఉతికాను. ఇనుము, కరక్కాయ కలిసిన నలుపు ఏ పౌడరుకీ లొంగలేదు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్‌లో 300 డాలర్లు కోసేశారు. తర్వాత పాలల్లో క్రీమ్ కలిపి దారికి తెచ్చుకున్నాననుకో.

మొదటి షోలో నా సీతాపహరణం 800 డాలర్లకు పోయింది. ఇంటికి ఫోన్ చేసి ఒకటే అరుపులు. గ్యాలరీ కమీషన్ సగం, ఇక్కడ అది మామూలే. ఫ్రేముకి 220. మూడు నెలల పనికి చేతికొచ్చింది 180. అంతకన్నా తెలివితక్కువ పని, స్కాన్ చేయకుండా అమ్మేయడం. జటాయువు రెక్కలు గోడ మీద కదిలేలా ప్రొజెక్షన్ చేయమని తర్వాత ఒకరు అడిగితే, నా దగ్గరున్నది ఫోన్లో తీసిన మసక ఫొటో ఒక్కటే.

ఇప్పుడు గుడ్డ ఆరగానే ముక్కలు ముక్కలుగా 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేసి కంప్యూటర్లో అతికిస్తాను. ఒరిజినల్ అమ్ముడయ్యేది ఒక్కసారే. స్కాన్ నుంచి నంబర్లు వేసిన 25 ప్రింట్లు, పైన ఒక యానిమేషన్ వస్తాయి. పదేళ్లుగా మా ఇంటి అద్దె కడుతున్నది ఆ ప్రింట్లే. మీ ప్రొఫెసర్లు ఇది చెప్పరు, వాళ్లకి నెలనెలా జీతమొస్తుంది.

రాగానే పెద్ద పెన్ డిస్‌ప్లే, అదే పెన్నుతో నేరుగా బొమ్మ గీసే స్క్రీన్, కొనకు. ల్యాబ్‌లో ఉంటుంది. నేను క్రెడిట్ కార్డు మీద కొని రెండేళ్లు వడ్డీ కట్టాను. ఇంటి మీద బెంగంటావా, అద్దె తేదీ దగ్గరపడితే అదే పోతుంది.

కరక్కాయలు మాత్రం మీ ఊళ్లోనే కొనుక్కుని, ఏవి తెచ్చుకోవచ్చో కస్టమ్స్ రూల్స్ చూసి సర్దుకో. ఇక్కడ చిన్న పొట్లానికి చెప్పే ధర వింటే కుంచె వదిలేస్తావు.