శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా కణంలో తనంతట తానే కదులుతుందా, ఎవరైనా మోస్తారా?

మోస్తారు. మోసేవాళ్ల గురించి నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు కాబట్టే ఈ ప్రశ్న చూసి ఆగలేకపోయాను. మాది మిర్యాలగూడ. మా నాయిన ముప్పై ఏళ్లు రైస్ మిల్లులో హమాలీ. నేను ఇంటర్ పిల్లలకు జువాలజీ చెబుతాను.

నాయినకు లింఫోమా అనే క్యాన్సర్ వచ్చింది. హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రిలో 21 రోజులకోసారి కీమో, మొత్తం ఆరుసార్లు. నాలుగోసారి ఎక్కించుకుని వచ్చి, బస్టాండు నుంచి నడుచుకుంటూ ఇంటికొచ్చాడు. గడపలోనే అమ్మ "రెండో చెప్పేదయ్యా?" అంది. అప్పుడు చూసుకున్నాడు, ఎడమ కాలికి చెప్పు లేదు. ఎక్కడ జారిందో తెలియదు. అరికాలు కడిగి చూస్తే తుమ్మముల్లు విరిగి లోపలే ఉంది. నేను పిన్నీసుతో తీస్తున్నంతసేపూ ఆయన అమ్మతో సన్నబియ్యం రేటు మాట్లాడుతున్నాడు. నా చేతులు వణికాయి. "బస్తా మోస్తూ చెక్క మీద లారీ ఎక్కేటప్పుడు కిందికి చూడలేం బిడ్డా, కాలివేళ్లతోనే చూస్తం" అని చెప్పిన మనిషి ఆయన.

జుట్టు రాలుతుందన్నారు, వాంతులవుతాయన్నారు. కాళ్లు మొద్దుబారతాయన్న మాట ఒక్కరూ ఎత్తలేదు. కష్టం చేసి బతికేవాడికి జుట్టు ముఖ్యమా, అరికాలు ముఖ్యమా? ఆ కోపం నాకింకా పోలేదు.

ఆ కీమో మందుల్లో ఒకటి విన్‌క్రిస్టిన్. బిళ్లగన్నేరు నుంచి వచ్చిన మందు. మా గేటు పక్కన గులాబీ రంగు పూలు పూసే మొక్కే. కణం రెండుగా చీలాలంటే సూక్ష్మనాళికలు, అంటే కణం లోపలి సన్నని గొట్టాలు, కావాలి. ఈ మందు వాటిని కట్టే ట్యుబులిన్ అనే ప్రోటీన్‌ను పట్టుకుని కట్టనివ్వదు. అందుకే క్యాన్సర్ కణం చస్తుంది. నాడీకణానికి చీలే పని లేదు, కానీ దాని లోపల సరుకు రవాణాకు దారులు ఆ నాళికలే. దారి చెడితే మూట ముందుకు పోదు.

ఇప్పుడు మీ ప్రశ్నకు వస్తాను. ఆ దారి మీద బయటి కొసకు మోసేది కైనెసిన్ అనే ప్రోటీన్, కణదేహం (నాడీకణం అసలు ముద్ద) వైపు వెనక్కి తెచ్చేది డైనీన్ అనే ఇంకో ప్రోటీన్. కైనెసిన్‌ను 1985లో స్క్విడ్ అనే సముద్ర జీవి నాడిలో కనుక్కున్నారు. దానికి రెండు కాళ్లు. ఒక్కో అడుగు 8 నానోమీటర్లు (నానోమీటరంటే మిల్లీమీటరులో పదిలక్షో వంతు), అడుగుకు ఒక ఏటీపీ, అంటే కణం శక్తిగా వాడే అణువు, ఖర్చు. అది మైటోకాండ్రియాను నేరుగా పట్టుకోదు. మైటోకాండ్రియా పైపొర మీద మిరో అనే ప్రోటీన్ ఉంటుంది, దాన్నీ కైనెసిన్‌నూ మిల్టన్ అనే ఇంకోటి కలుపుతుంది. నాయిన బస్తాకు వేసే కొక్కెం లాంటిదే. నాకు అన్నిటికంటే నచ్చేది మిరో. నాడి గట్టిగా పనిచేస్తున్న చోట కాల్షియం పెరుగుతుంది, అది మిరోకు తగలగానే మూట అక్కడే ఆగిపోతుంది. శక్తి కావలసింది అక్కడే కదా! "ఇక్కడ దింపు" అని చెప్పే మేస్త్రీ అక్కర్లేదు.

ఇక దూరం సంగతి. కాలి బొటనవేలి స్పర్శ తెలిపే నాడీకణం దేహం నడుము దగ్గర, వెన్నెముక పక్కన ఉంటుంది. అక్కడి నుంచి వేలి దాకా దాదాపు మీటరు. 8 నానోమీటర్ల చొప్పున పన్నెండున్నర కోట్ల అడుగులు! సెకనుకు ఒక మైక్రాన్ (వెయ్యి నానోమీటర్లు) వేగంతో ఎక్కడా ఆగకుండా పోయినా పదకొండు రోజులు దాటుతుంది. నిజానికి అవి ఆగుతూ, వెనక్కి తిరుగుతూ పోతాయి, చాలావరకు ఒకచోట నిలిచే ఉంటాయి. అంత పొడవు దారి పాడైతే ముందు నష్టపోయేది చివరి ఊరే. నాయినకు మొద్దుబారడం కాలివేళ్ల నుంచే మొదలవడానికి కారణం ఇదేనని నాకు ఏ అనుమానమూ లేదు.

మన పాఠాల్లో మైటోకాండ్రియా అంటే చిక్కుడు గింజ లాంటి బొమ్మ, లోపల ముడతలు, పక్కన "కణశక్త్యాగారం". రెండు మార్కులు. ఆ శక్త్యాగారాన్ని అక్కడికి ఎవరు మోశారని కోచింగ్‌లో ఒక్కరూ అడగరు, అడిగితే సిలబస్‌లో లేదంటారు. నేను మాత్రం ప్రతి బ్యాచ్‌కూ చెబుతున్నాను, చెబుతూనే ఉంటాను.

ఆ మందును తిట్టడం లేదు, నాయిన ప్రాణం నిలబెట్టింది. మీ ఇంట్లో ఎవరికైనా విన్‌క్రిస్టిన్ ఎక్కిస్తుంటే రోజూ రాత్రి వాళ్ల కాలివేళ్లు ముట్టి అడగండి. తిమ్మిరో మొద్దో ఉందంటే తర్వాతి డోసుకు ముందే డాక్టరుకు చెప్పండి, డోసు తగ్గించే వీలుంటుంది. మేము ముల్లు చూశాకే చెప్పాం.

నాయిన మళ్లీ మిల్లుకు పోలేదు. మొన్న సంక్రాంతికి వాకిట్లో నిలబడి, మడమ కింద నేల చల్లగా తెలుస్తోందన్నాడు. వేళ్లకు ఇంకా తెలియడం లేదు.