ఎల్ రోసియో యాత్ర: బండ్ల వెనక నడవాలంటే

స్పెయిన్‌లో సెవిల్లాలో ఉంటున్నారు, ఈసారి పెంతెకోస్తుకి, అంటే ఈస్టర్ తర్వాత ఏడో ఆదివారం వచ్చే పండక్కి, మరియమ్మ గుడి ఉన్న ఎల్ రోసియో ఊరికి వెళ్ళాలనుకుంటున్నారు, యాత్ర బండ్ల వెనక ఊరికే కలిసిపోవచ్చా, మరియమ్మ పల్లకీ మోయనిస్తారా అని కదా మీ డౌట్. పల్లకీ మాట మర్చిపోండి, పండగ మర్నాడు సోమవారం తెల్లవారకముందే దగ్గర్లోని అల్మోంతె ఊరి కుర్రాళ్ళు గుళ్ళో మరియమ్మ విగ్రహం ముందున్న గ్రిల్ దూకి అమ్మని బయటికి తెస్తారు, మోసేది వాళ్ళే, అది వాళ్ళ హక్కు, మనం పక్కన నిలబడి చూడటమే. నడవాలంటే మాత్రం ముందు ఏదో ఒక ఎర్మందాద్‌తో, అంటే భక్తుల సంఘంతో మాట్లాడుకోండి, అలాంటివి 100కి పైనే ఉన్నాయి, తిండి, పడక అన్నీ వాళ్ళతోనే, పైగా దోన్యానా అడవిలోంచి వెళ్ళే దారుల్లో వాహనాలకి పర్మిషన్ ఉండాలి. సంఘం జెండాని సిన్‌పెకాదో అంటారు, దాన్ని మోసే వెండి బండిని ఎద్దులు లాగుతాయి, దయచేసి ఫోటో కోసం వాటికి అడ్డం పోకండి, బెదిరితే ప్రమాదం. దారిలో కేమా అనే చోట ఏరు దాటేటప్పుడు మొదటిసారి వచ్చినవాళ్ళకి నెత్తిన నీళ్ళు పోసి బాప్తిస్మం ఇస్తారు, వద్దనకండి, ఎంత ప్రేమగా చేస్తారో. ఎండు గడ్డి చాలా త్వరగా అంటుకుంటుంది కాబట్టి చెప్పిన చోట తప్ప పొయ్యి వెలిగించొద్దు. దారంతా, ఊరి వీధులు కూడా ఇసకే, చెప్పులు కాదు బూట్లు వేసుకోండి.