అన్ని కంటెయినర్లకూ ఒకే టైప్ క్లాస్ పెట్టాలా?

హాస్కెల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో మీరు సొంతంగా ఒక బ్యాలెన్స్‌డ్ ట్రీ (ఎటువైపూ మరీ లోతు పెరగని ట్రీ) రాసుకున్నారు. ప్రతి నోడ్‌లో సబ్‌ట్రీ సైజు దాస్తున్నారు. దీన్ని ఇంకా జెనరిక్ చేయడానికి లిస్టు, సెట్, ట్రీ అన్నిటికీ కలిపి ఒక టైప్ క్లాస్ (వేర్వేరు టైప్‌లకు ఒకే పేరుతో ఉండే ఫంక్షన్ల జాబితా) పెట్టాలా అని అడిగారు. పెట్టకండి. నేను ఆ దారిలో వెళ్ళి దెబ్బతిన్నాను.

లాగ్ ఫైళ్ళలో రెండోసారి వచ్చిన ఐడీలను తీసేసే చిన్న ప్రోగ్రాం ఒకటి రాశాను. చూసేసిన ఐడీలన్నీ సెట్‌లో ఉండేవి, కొత్తది వచ్చినప్పుడల్లా మెంబర్ ఫంక్షన్‌తో అడిగేవాణ్ణి. చక్కగా నడుస్తుండగా, ఇది సెట్‌కే ఎందుకు పరిమితం కావాలి అనిపించింది. టైప్‌లో ఫోల్డబుల్ (ఎలిమెంట్లను వరసగా చూడగలిగే కంటెయినర్లన్నిటి టైప్ క్లాస్) పెట్టి, మెంబర్ తీసేసి ఆ క్లాస్‌లోని ఎలెమ్ రాశాను. కంపైలర్ కిక్కురుమనలేదు. టెస్టులన్నీ పాసయ్యాయి. మర్నాడు అసలు ఫైలు ఇస్తే, రెండు నిమిషాల పని సాయంత్రానికి కూడా తెమల్లేదు. ఆ టెన్షన్‌లో ముందు డిస్కును అనుమానించాను, తర్వాత మెమరీని. చివరికి ప్రొఫైలర్ పెడితే టైమంతా ఎలెమ్ తినేస్తోంది.

ఫోల్డబుల్‌లోని ఎలెమ్‌కి రెండు విలువలు సమానమా కాదా అన్నదొక్కటే తెలుసు. ఏది చిన్నదో ఏది పెద్దదో తెలియదు. అందుకే ఎడమకు వెళ్ళాలో కుడికి వెళ్ళాలో తేలక ప్రతి నోడ్‌నూ తడుముతుంది. పది లక్షల ఐడీల సెట్‌లో మెంబర్ పాతిక పోలికలతో తేల్చేసే ప్రశ్నకి, ఆ ఐడీ లేకపోతే ఎలెమ్ పది లక్షలూ చూస్తుంది. ఇదే క్లాస్ వల్ల 2015లో హాస్కెల్ కంపైలర్ జీహెచ్‌సీ 7.10 వచ్చినప్పటి నుంచి 1, 2 అనే జతకు లెంగ్త్ అడిగినా, రెండోదాన్ని మాత్రమే ఎలిమెంటుగా లెక్కేసి 1 అని జవాబొస్తోంది. టైప్ ఎర్రర్ రావాల్సిన చోట అంకె రావడం సౌకర్యమంటే నేనెప్పటికీ ఒప్పుకోను.

జెనరిక్ చేయాల్సింది మీరు నోడ్‌లో దాస్తున్న ఆ లెక్కని. సైజు బదులు ఏ మోనాయిడ్‌నైనా (రెండు విలువల్ని కలిపే పద్ధతి, కలిపినా ఏమీ మార్చని ఒక విలువ ఉన్న టైప్‌నైనా) పెట్టుకునే వీలివ్వండి. ఒక్కో ఎలిమెంటుకు 1 ఇచ్చి కూడితే వందో ఎలిమెంటు ఎక్కడుందో దొరుకుతుంది. కూడిక బదులు గరిష్ఠం తీసుకుంటే అదే ట్రీ ప్రయారిటీ క్యూ అవుతుంది. రెండూ కావాలంటే జతగా పెట్టుకోవచ్చు. రాల్ఫ్ హింజె, రాస్ ప్యాటర్సన్ 2006లో ఫింగర్ ట్రీలనే డేటా స్ట్రక్చర్ గురించిన పేపర్లో చూపించింది ఇదే. ఇది మీ ట్రీకి కూడా అతికినట్టు సరిపోతుంది. ఎందుకంటే రొటేషన్‌లో, అంటే బ్యాలెన్స్ కోసం నోడ్లను తిప్పి అమర్చేటప్పుడు, ఎలిమెంట్ల వరుస మారదు, బ్రాకెట్లు మాత్రమే మారతాయి. మోనాయిడ్‌కి అసోసియేటివ్ గుణం (బ్రాకెట్లు ఎక్కడ పెట్టినా జవాబు మారకపోవడం) ఉంది కాబట్టి లెక్క చెడదు.

వేగం కొంత తగ్గొచ్చు. హాస్కెల్‌లోని డేటా సీక్వెన్స్ మాడ్యూల్ లోపల ఉన్నదీ ఫింగర్ ట్రీయే, కానీ వేగం కోసం దాన్ని సైజుకే బిగించేశారు. మీరు ముఖ్యమైన ఫంక్షన్లకు ఇన్‌లైనబుల్ ప్రాగ్మా (కంపైలర్‌కిచ్చే సూచన) తగిలించండి, వాడేచోట కంపైలర్ ఆ టైప్‌కి తగ్గ కోడ్ తయారుచేసుకోగలుగుతుంది.

ముందు మీ కోడ్‌లో సైజులు కూడే చోట్లన్నీ వెతకండి. నాకు అవన్నీ ఒకే స్మార్ట్ కన్‌స్ట్రక్టర్‌లో (నోడ్లను కట్టే ఫంక్షన్‌లో) ఉండటంతో మార్పు ఒక పూటలో అయిపోయింది. మీకు రొటేషన్లన్నిటా చెదిరి ఉంటే, మోనాయిడ్ సంగతి తర్వాత, ముందు వాటిని ఒకచోటికి చేర్చండి.