ఒక్కసారి పానిక్ అటాక్ వస్తే పానిక్ డిజార్డర్ ఉన్నట్టేనా?

అరకు మీదుగా వచ్చే రైలులో, సొరంగం దాటుతుండగా మీ తమ్ముడికి ఉన్నట్టుండి గుండె దడ, చెమటలు, ఊపిరాడకపోవడం మొదలయ్యాయని రాశారు. ఆసుపత్రిలో ఈసీజీ బాగానే ఉందని, అది పానిక్ అటాక్ అని చెప్పి పంపించారట. ఇది పానిక్ డిజార్డరా, జీవితాంతం మందులు వాడాలా అన్నది మీ ప్రశ్న.

నేను డాక్టర్‌ని కాను. ఒడిశాలోని జయపురంలో ఉంటాను. పానిక్ డిజార్డర్‌కు చికిత్స తీసుకున్నదాన్ని. ఒక్క అటాక్ చూసి ఆ పేరు పెట్టరు. ఎప్పుడో ఒకటి రెండుసార్లు వచ్చి, మళ్ళీ రానివాళ్ళు ఎందరో ఉంటారు.

అటాక్ అంటే హఠాత్తుగా ఎగసిన భయం. కొద్ది నిమిషాల్లోనే తారస్థాయికి చేరి, తర్వాత దానంతట అదే దిగుతుంది. చచ్చిపోతున్నామనో, మతి పోతోందనో అనిపిస్తుంది. భయంతో ఊపిరి వేగంగా తీసుకోవడం వల్ల రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్ళు, పెదవులు తిమ్మిరెక్కుతాయి, తల తిరుగుతుంది. నా చేతులు కొంకర్లు పోవడం చూసి మా అత్తగారు గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. తాయెత్తుతో నాకు పేచీ లేదు, డాక్టర్ దగ్గరకు వెళ్ళడం ఆగకపోతే చాలు.

నాకు మొదటిది రైలులోనే వచ్చింది. రెండోది ఇంట్లో కూరగాయలు తరుగుతుండగా, ఏ కారణమూ లేకుండా వచ్చింది. డాక్టర్ పట్టించుకున్నది ఈ రెండోదాన్నే. ఇలా అనుకోకుండా పదేపదే రావడం, ఆ తర్వాత కనీసం ఒక నెల పాటు మళ్ళీ వస్తుందేమోనన్న దిగులు పీడించడం లేదా ఆ భయంతో రోజువారీ తీరే మారిపోవడం, ఇవన్నీ ఉంటేనే పానిక్ డిజార్డర్ అంటారు. కేవలం సొరంగంలోనే, ఇరుకు చోట్లలోనే వస్తే అది ఆ చోటు గురించిన భయం కావచ్చు, దాని చికిత్స వేరు. థైరాయిడ్, రక్తహీనత, గుండె లయ తేడాలు, అతిగా తాగే కాఫీ కూడా ఇలాంటి లక్షణాలే చూపిస్తాయి కాబట్టి ముందు పరీక్షలు చేయించారు.

నన్ను కుంగదీసింది అటాక్‌ల కంటే వాటి మధ్య గడిచిన రోజులే. మొదట రైలు మానేశాను. తర్వాత సుంకి ఘాట్ మీదుగా సాలూరు వెళ్ళే బస్సు మానేశాను. తర్వాత సంత. పెళ్ళికి వెళ్తే ద్వారం పక్కన కుర్చీ వెతుక్కునేదాన్ని. విజయనగరంలో ఉన్న అమ్మను చూడాలంటే అమ్మే ఇక్కడికి రావలసి వచ్చేది. మీ తమ్ముడిలో గమనించవలసింది ఇదే: ఏమైనా మానేస్తున్నాడా?

చికిత్సలో నాకు సెర్ట్రాలిన్ అనే, దిగులు, ఆందోళన తగ్గించే మందు ఇచ్చారు. ఇలాంటి మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. మొదటి రోజుల్లో కంగారు కాస్త పెరగవచ్చు కూడా. తగ్గాక కొన్ని నెలలు కొనసాగించి, డాక్టర్ సలహాతో మెల్లగా ఆపుతారు. అందరికీ జీవితాంతం అవసరం పడదు. ఆల్ప్రజోలం లాంటివి వెంటనే నెమ్మదినిస్తాయి కానీ అలవాటుగా మారతాయి. పాత చీటీ చూపించి దుకాణంలో మళ్ళీ మళ్ళీ కొనకండి.

మందుల కంటే వింతగా తోచింది కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, అంటే భయపెట్టే ఆలోచనలను, అలవాట్లను మార్చుకోవడం నేర్పే చికిత్స. కుర్చీలో గిరగిరా తిప్పి కావాలనే తల తిరిగేలా చేశారు, ఉన్నచోటనే పరుగెత్తించి దడ తెప్పించారు. ఆ లక్షణాలు వచ్చినా ప్రాణం పోదని ఒంటికే తెలియాలట! ఇంట్లో సాధన చేస్తుంటే అత్తగారు రెండో తాయెత్తు గురించి ఆలోచించారు. తర్వాత మా ఆయన తోడుగా జయపురం నుంచి కోరాపుట్ దాకా రైలెక్కాను, ఆ పైన ఒంటరిగా.

మీ తమ్ముడికి వచ్చే నెల విశాఖ ప్రయాణం ఉందన్నారు కదా, టికెట్ రద్దు చేయించకండి. మీరూ వెంట వెళ్ళండి. దడ మొదలైతే నెమ్మదిగా ఊపిరి వదలమనండి, కాగితపు సంచిలో ఊదించవద్దు. ఛాతీ నొప్పి శ్రమపడినప్పుడు వచ్చినా, చేతికో దవడకో పాకినా, స్పృహ తప్పినా మాత్రం పానిక్ అనుకొని ఊరుకోకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. దగ్గరలో మానసిక వైద్యులు లేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలిమానస్ నంబరు 14416కి ఫోను చేయండి. అది ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది. ఒడిశా నుంచి చేస్తున్నాం కదా అని మొహమాటపడకుండా తెలుగులో మాట్లాడతామని అడగండి.