చమురు పడ్డ తీరానికి వెళ్తున్న మాధవికి

చిరంజీవి మాధవికి,

పెద్దమ్మ ఆశీస్సులు. చమురు ఒలికిన తీరాల్లో జరిగిన నష్టాన్ని అంచనా వేసి, తిరిగి బాగుచేసే జట్టులో నీకు ఉద్యోగం వచ్చిందని, వచ్చే నెల లూసియానా వెళ్తున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. తను భయపడుతుంటే నేను గర్వంతో ఏదేదో మాట్లాడేశాను. ఫోన్ పెట్టేశాక ఆ భయం నాకూ పట్టుకుంది. ఇదే పని చేసి రిటైరైనదాన్ని కదా, భయపడాల్సినవేమిటో మీ అమ్మకన్నా నాకే బాగా తెలుసు. అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగ్గానే ఉంటుంది, ఓపిగ్గా చదువు.

ముందు నీ ఊపిరితిత్తుల సంగతి. తాజా ముడిచమురు మీద నుంచి బెంజీన్ లాంటివి ఆవిరవుతుంటాయి. మొదటి ఒకటి రెండు రోజులు మరీ ఎక్కువ. కొన్ని రకాల చమురులో హైడ్రోజన్ సల్ఫైడ్ కూడా ఉంటుంది. దాని మోతాదు పెరిగితే ముక్కుకి వాసనే తెలియకుండా పోతుంది. "వాసన తగ్గింది, ఇక ఫర్వాలేదు" అంటూ ముందుకెళ్ళిన కుర్రాణ్ణి మా జట్టువాళ్ళు చంకల కింద చేతులేసి పడవలోకి ఈడ్చుకొచ్చారు. బతికాడు. ఆ తర్వాత గ్యాస్ మీటర్ ఆన్ చేయకుండా ఎవరు పడవ దిగినా నేను గట్టిగా అరిచేదాన్ని. నువ్వైనా అరుస్తాను. గాలి ఎటు వీస్తోందో చూసుకుని, అది నీ వీపు వైపు నుంచి వచ్చేలా నడువు. తలనొప్పి మొదలైనా, కళ్ళు తిరిగినా వెంటనే వెనక్కి వచ్చేయ్. జ్వరంతో పరీక్ష రాసొచ్చిన పిల్లవి, మొండికేస్తావని తెలిసే ఇన్నిసార్లు చెబుతున్నాను.

చేతికి గ్లవ్స్, తాగడానికి నీళ్ళు, పోటూ ఆటూ వేళల పట్టిక, పక్కన ఒక మనిషి. ఇవి లేకుండా కదలకు. ఇంతకన్నా చెప్పక్కర్లేదు.

శాంపిల్స్ దగ్గర జాగ్రత్త. ప్లాస్టిక్ సీసాలు వద్దు, ముందే శుభ్రం చేసిన గాజు సీసాలే వాడు. నువ్వు రాసుకున్న సన్‌స్క్రీన్, పడవ ఇంజన్ పొగ, జిడ్డు అంటిన గ్లవ్ ఏదైనా సరే శాంపిల్‌ని పాడుచేస్తుంది. ఒక్కో బావి చమురులో హోపేన్‌లు, స్టెరేన్‌లు అనే రసాయనాలు ఒక్కో పాళ్ళలో ఉంటాయి. ఈ మరక ఆ ఓడదేనా, పాతదా అన్నది వాటిని బట్టే తేలుతుంది. లేబుల్ మీద చోటు, వేళ, నీ సంతకం ఉండాలి. సీసా ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్ళిందో ప్రతిసారీ కాగితం మీదకి ఎక్కాలి. నీ నోట్‌బుక్‌లో ప్రతి లైనునీ రేపు కోర్టులో అవతలి లాయరు చదువుతాడనుకుని రాయి. "చాలా పక్షులు చనిపోయాయి" అని రాస్తే పనికిరాదు. ఎన్ని, ఏ జాతివి, ఎంత దూరం నడిస్తే కనబడ్డాయి, అది రాయి.

ఇక చమురు రాకముందు తీసే శాంపిల్స్ గురించి. చమురు తెట్టు ఇంకా దూరంగా ఉందని, రేపు ఫలానా చోటికి చేరుతుందని చెప్పగానే అందరూ తెట్టు ఉన్నచోటికే పరిగెడతారు. నువ్వు మాత్రం అది చేరబోయే చోటికి వెళ్ళు. ఇంకా శుభ్రంగా ఉన్న ఆ బురద, ఆ గుల్లలు, ఆ నీళ్ళు ఇవాళే సీసాలోకి ఎక్కించు. రేపటికి ఆ అవకాశం ఉండదు. అలాస్కాలో ప్రిన్స్ విలియం సౌండ్ అనే సముద్రపు పాయలో 1989 మార్చి 24న ఎక్సాన్ వాల్డేజ్ ఓడ బ్లై రీఫ్ అనే రాతి దిబ్బకి గుద్దుకుని దాదాపు 1 కోటి 10 లక్షల గ్యాలన్ల ముడిచమురు ఒలికించింది. నాలుగేళ్ళ తర్వాత, 1993లో, అక్కడి హెర్రింగ్ చేపలు ఒక్కసారిగా కుప్పకూలాయి. చమురు వల్లనా, జబ్బు వల్లనా, తిండి చాలకనా? ఇప్పటికీ వాదన తెగలేదు. ఒలకకముందు ఆ నీళ్ళలో ఏముందో తగినంత లెక్క లేకపోవడం ఆ వాదనని ఇంకా ముదరబెట్టింది. ఆ చేపల మీద బతికిన జాలర్లకి ఆ వాదన ఏ కూడూ పెట్టలేదు.

అదే అలాస్కాలో జరిగిన ఇంకో తప్పు గురించి నీకు వివరంగా చెప్పాలి. ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం అదే.

చమురు పడిన ఆ వేసవిలో ప్రపంచమంతా ఆ తీరాల్నే టీవీలో చూస్తోంది. నల్లటి రాళ్ళు, నల్లటి పక్షులు. కంపెనీ మీద, ప్రభుత్వం మీద ఒత్తిడి. ఏదో ఒకటి చెయ్యాలి, చేస్తున్నట్టు కనబడాలి. అందుకని పడవల మీద బాయిలర్లు పెట్టి, సముద్రపు నీటిని చెయ్యి పెడితే కాలేంత వేడిచేసి, పెద్ద ప్రెషర్‌తో రాళ్ళ మీదకి కొట్టారు. రాళ్ళు మెరిశాయి. ఫొటోలు బాగా వచ్చాయి. కానీ చమురు పడినా చావకుండా మిగిలిన ఆలిచిప్పలు, రాతి నత్తలు, రాళ్ళని కప్పుకుని ఉండే గోధుమరంగు నాచు ఆ వేడికి ఉడికిపోయాయి. గులకరాళ్ళ మధ్య ఉన్న సన్నటి ఇసుక, ఒండ్రు కొట్టుకుపోయి దిగువకి జారాయి. కొంత చమురు కూడా వాటితోపాటే కిందికి, ఇంకా బతికున్న చోటికి చేరింది. ఇల్లు పీకి పందిరి వేసినట్టయింది.

నేను ఆ తీరాలకు వెళ్ళేటప్పటికి కొన్నేళ్ళు గడిచాయి. అప్పటికే అమెరికా ప్రభుత్వ సంస్థ నోవా శాస్త్రవేత్తలు మూడు రకాల తీరాల్ని పక్కపక్కన పెట్టి చూస్తున్నారు: చమురు పడనివి, పడినా కడగనివి, పడ్డాక వేణ్ణీళ్ళతో కడిగినవి. కడగకుండా వదిలిన కొద్ది చోట్లని అలా వదలడానికి కూడా పోట్లాడవలసి వచ్చిందట. రాతి తీరాల్లో కడగనివి కడిగినవాటికన్నా ముందు కోలుకున్నాయి. కడిగినచోట నాచు ఒకేసారి మొలిచింది, అంతా ఒకే ఈడు. చూడ్డానికి పచ్చగా ఉంది కాబట్టి బాగుపడిందని చాలామంది అనుకున్నారు. ఒకే ఈడుది కాబట్టి ముదిరాక అంతా దాదాపు ఒకేసారి రాలిపోయింది, రాళ్ళు మళ్ళీ బోసిగా మిగిలాయి. కడిగిన గులకరాళ్ళ తీరాల్లో ఇసుకలో బతికే గుల్లలైతే పదేళ్ళ తర్వాత కూడా పూర్తిగా తిరిగి రాలేదు. అవి బతకాల్సిన సన్నటి ఒండ్రే అక్కడ లేదు మరి.

నాకు కోపం తెప్పించేది ఏమిటంటే, ఇది అప్పటికే తెలిసిన పాఠం. 1967లో ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ దగ్గర టోరీ కాన్యన్ అనే ట్యాంకర్ రాళ్ళకి గుద్దుకున్నప్పుడు దాదాపు 10 వేల టన్నుల డిటర్జెంట్ వాడారు. నత్తల్నీ గుల్లల్నీ చమురుకన్నా ఎక్కువగా ఆ డిటర్జెంటే చంపింది. మందు కొట్టని తీరాలు రెండు మూడేళ్ళలో కోలుకుంటే, బాగా కొట్టినవి కోలుకోవడానికి పదేళ్ళు దాటింది. అదంతా కాగితాల మీద ఉంది. అయినా ఇరవై రెండేళ్ళ తర్వాత టీవీ కెమెరాల ముందు ఆ కాగితాలు ఎవరికీ గుర్తు రాలేదు. నీకూ అలాంటి రోజు వస్తుంది మాధవీ. మంత్రో, అధికారో వచ్చి "ఇంకా శుభ్రం చేయలేదేం?" అని అడుగుతాడు. ఆ రోజు నీ చేతిలో డేటా ఉండాలి, నీ గొంతు వణక్కూడదు.

అయితే ఏమీ చేయకుండా వదిలేయడమే మంచిదని మాత్రం అనుకోకు. 1969లో మసాచుసెట్స్‌లోని వెస్ట్ ఫాల్మత్ దగ్గర ఫ్లోరిడా అనే చమురు మోసే బార్జి నుంచి డీజిల్ లాంటి చమురు ఒలికి ఉప్పునీటి చిత్తడిలో చేరింది. ముప్పై ఏళ్ళు దాటాక తవ్వి చూస్తే బురదలో ఇంకా ఉంది. అక్కడి పీతలు బొరియలు లోతుగా తవ్వకుండా, చమురు తగలగానే పక్కకి తిప్పేస్తున్నాయి. పైనుంచి చూస్తే పచ్చటి గడ్డే. మోకాళ్ళ మీద కూర్చుని బొరియలోకి చూస్తే తప్ప తెలియదు. ఇటు ఫ్రాన్స్‌లో 1978లో అమోకో కాడిజ్ ఓడ మునిగినప్పుడు చిత్తడి నేలల్లో బుల్‌డోజర్లు దింపి పైమట్టినంతా చెక్కేశారు. గడ్డి మొలవాల్సిన నేలే పోయింది కాబట్టి అక్కడ కోలుకోవడం ఇంకా ఆలస్యమైంది. నువ్వు వెళ్తున్న లూసియానాలోనే 2010లో డీప్‌వాటర్ హొరైజన్ అనే చమురు రిగ్ పేలి చమురు ఒలికాక బరటారియా బే అంచుల్లో చమురు మందంగా పేరుకుని, కింద గడ్డికి ఊపిరాడని చోట దాన్ని చేత్తో గోకి తీసి, కొత్త గడ్డి నాటితే మేలు జరిగింది. కాబట్టి నేల ఏది, చమురు ఏది, ఎంత మందం, ఏ కాలం అన్నీ చూసుకుని తేల్చాలి. ఒకచోట పనిచేసిందని ఇంకోచోట అదే చెయ్యకు. బురదలో దిగేముందు పలకలు పరుచుకో. నీ బూటు దిగిన ప్రతి చోటా చమురు వేళ్ళదాకా దిగుతుంది.

కంటికి కనబడిన శవాల్ని లెక్కపెట్టి ఆగిపోకు. అలాస్కాలో దొరికిన చచ్చిన పక్షులు 35 వేలకు పైగా. నిజంగా చచ్చినవి రెండున్నర లక్షల దాకా ఉంటాయని అంచనా. మిగతావి మునిగాయి, కొట్టుకుపోయాయి, నక్కలూ గద్దలూ తిన్నాయి. అక్కడే పింక్ సాల్మన్ గుడ్లకి, నీళ్ళలో వంద కోట్లకి కొద్ది పాళ్ళు చమురు ఉన్నా కూడా హాని జరుగుతుందని పరిశోధనల్లో తేలింది. బరటారియా బేలో డాల్ఫిన్లు పైకి ఈదుతూనే కనిపించాయి, పరీక్ష చేస్తే ఊపిరితిత్తుల్లో జబ్బు. వాటి గురించి చదివినప్పుడల్లా నాకు నువ్వే గుర్తొస్తావు. అదే గాలి నువ్వూ పీల్చబోతున్నావు.

బాగుచేయడం గురించి నాకు బాగా నచ్చిన సంగతి ఒకటి చెబుతాను. 1996 జనవరిలో రోడ్ ఐలండ్ దగ్గర నార్త్ కేప్ అనే బార్జి ఒడ్డుకి కొట్టుకొచ్చి ఇళ్ళలో కాల్చే చమురు ఒలికింది. దాదాపు 90 లక్షల లాబ్‌స్టర్లు చచ్చిపోయాయి, ఎక్కువగా పిల్ల లాబ్‌స్టర్లే. వాటిని మళ్ళీ ఎలా తెస్తారు? ఎదిగిన ఆడ లాబ్‌స్టర్లని 12 లక్షలకు పైగా సముద్రంలో వదిలారు. ఒక్కోదాన్నీ చేత్తో పట్టుకుని తోక రెక్కకి వి ఆకారంలో చిన్న గాటు పెట్టి మరీ వదిలారు. ఆ గాటు ఉన్నదాన్ని జాలరి పట్టుకుంటే మళ్ళీ నీళ్ళలో వేసేయాలని చట్టం. అలా అది ఇంకో ఈత, ఇంకో ఈత గుడ్లు పెడుతుంది. అదే ప్రమాదంలో చచ్చిన లూన్ పక్షుల కోసం రోడ్ ఐలండ్‌లో ఏమీ కట్టలేదు. అవి గూడు కట్టేది ఉత్తరాన మెయిన్ రాష్ట్రంలోని చెరువుల దగ్గర కాబట్టి నష్టపరిహారం డబ్బుతో అక్కడి నేలని కాపాడారు. చచ్చినచోట కాదు, పుట్టేచోట ఖర్చుపెట్టారు. అలాస్కాలోనూ సెటిల్‌మెంట్ డబ్బుతో 6 లక్షల ఎకరాలకు పైగా అడవుల్నీ తీరాల్నీ నరికివేత నుంచి కాపాడారు. చమురుకి తోడు గొడ్డలి పడకుండా.

1990 నాటి అమెరికా చమురు కాలుష్య చట్టం నీకు కంఠతా వచ్చే ఉంటుంది. అందులో ఒక్క సంగతి మర్చిపోకు. నేలని మునుపటిలా చేస్తే సరిపోదు, మునుపటిలా అయ్యేదాకా గడిచిన ఏళ్ళలో జనం, జీవాలు కోల్పోయినదానికి కూడా వేరే పని చేసి తీర్చాలి. అవతలి వాళ్ళు "ఐదేళ్ళలో అదే బాగైపోతుంది" అంటారు. బాగవ్వచ్చు. ఆ ఐదేళ్ళ లెక్క అడుగు. ఆ లెక్క తేల్చేది పోలిక కోసం ఎంచుకున్న శుభ్రమైన స్థలం. అది సరిగ్గా లేకపోతే మిగతా గణితమంతా వృథా. నేల వాలు, ఉప్పు, గడ్డి రకం కలవాలి. ఎక్కడ కలుస్తుందో అక్కడి జాలర్లని, అక్కడే తరతరాలుగా ఉంటున్న ఆదివాసుల్ని అడుగు. మ్యాపు చూసి తేల్చకు.

ఒక్కోసారి చచ్చిన పక్షుల్ని ఏరి ఏరి చేతులు ఆడవు. ఎవరికీ చెప్పుకోలేక నేను బాత్రూంలో నల్లా తిప్పి ఏడ్చేదాన్ని. నువ్వు అలా చేయకు, నాకు ఫోన్ చెయ్. అర్ధరాత్రైనా సరే. మీ అమ్మకి చెప్పనులే.

నాకు రెండు సంగతులు వెంటనే రాయి. పోలిక స్థలాలు మీ జట్టులో ఎవరు ఎంచుతారు? గ్యాస్ మీటర్ ఎవరిది వాళ్ళ నడుముకి ఉంటుందా, లేక జట్టుకంతా ఒకటేనా? ఒకటే అయితే నీది నేను కొని పంపిస్తాను. ముందు రెండోదానికి జవాబు రాయి.

ప్రేమతో,
పెద్దమ్మ